గోదావరి గట్టున పొద్దుగూకే వేళ: ఎదురు వెలుతురులో ఫొటో తీయడం

రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ మెట్ల మీద ఏ సాయంత్రం నిలబడి చూసినా కనీసం పది పదిహేను ఫోన్లు పడమటి వైపు ఎత్తి ఉంటాయి. నది ఇక్కడ ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది, ఊరు తూర్పు గట్టున ఉంది, అవతలి గట్టున కొవ్వూరు ఉంది. కనుక ఏడాది పొడవునా పొద్దు నీళ్ళకు అవతలే వాలుతుంది. మన కోస్తాలో సముద్రం మీద కనిపించేది సూర్యోదయమే కాబట్టి, అస్తమయాన్ని నీళ్ళతో కలిపి చూడాలనుకునేవారు ఇలా నదికి తూర్పు గట్టునో, చెరువుకు తూర్పు కట్టనో వెతుక్కోవాలి. హైదరాబాదులో ట్యాంక్‌బండ్ హుస్సేన్‌సాగర్‌కు తూర్పు అంచున ఉండటం వల్లనే బుద్ధ విగ్రహం వెనక పొద్దుగూకడం అక్కడి నుంచి కనిపిస్తుంది. అయితే ఎత్తిన ఆ ఫోన్లన్నిటిలో చివరికి మిగిలేది దాదాపు ఒకే బొమ్మ: తెల్లగా వెలిసిపోయిన ఆకాశం, బొగ్గుముద్దల్లాంటి మనుషులు, ఆవగింజంత సూర్యుడు. ఈ మూడు లోపాలూ ఎందుకు వస్తాయో, వాటిని ఎలా దాటాలో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణలన్నీ ఈ ఘాట్ నుంచే తీసుకున్నాను; నేను ఎక్కువ సాయంత్రాలు గడిపిందీ, ఎక్కువ ఫొటోలు పాడుచేసుకున్నదీ ఇక్కడే.

తేడా ఎంతో ముందు కొలవండి

మన కన్ను ఆకాశాన్ని చూసేటప్పుడు ఒక తీరుగా, పక్కనున్న మనిషి ముఖాన్ని చూసేటప్పుడు మరొక తీరుగా సర్దుకుంటుంది; మెదడు ఆ రెండింటినీ కలిపి ఒకే దృశ్యంగా మనకు చూపిస్తుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. అది ఒక్క క్షణంలో, ఒక్క ఎక్స్‌పోజర్‌తో (లోపలికి తీసుకునే వెలుగు మోతాదుతో) ఫ్రేము మొత్తాన్నీ పట్టుకోవాలి. అందువల్ల ఎదురు వెలుతురులో మొదట చేయవలసిన పని ఫొటో తీయడం కాదు, ఫ్రేములో అతి వెలుగైన భాగానికీ అతి చీకటి భాగానికీ మధ్య ఎంత దూరముందో తెలుసుకోవడం.

ఈ దూరాన్ని స్టాపుల్లో లెక్కిస్తారు. ఒక స్టాపు పెరిగితే వెలుగు రెట్టింపవుతుంది, ఒక స్టాపు తగ్గితే సగమవుతుంది. ఒక సాయంత్రం గట్టుకు దగ్గరగా పడవలో నిలబడి గడ వేస్తున్న మనిషిని తీయబోతూ నేను కొలిచిన లెక్క ఇది. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/8 అలాగే ఉంచి, ఒక చిన్న చోటి వెలుగును మాత్రమే కొలిచే స్పాట్ మీటర్‌ను సూర్యుడికి జానెడు పక్కనున్న ఆకాశం మీద పెడితే షటర్ స్పీడు 1/250 సెకను చూపింది. అదే మీటర్‌ను అతని చొక్కా మీద, అంటే మనకు కనిపించే నీడ వైపున పెడితే 1/15 చూపింది. 250 నుంచి 125, 60, 30, 15 అని లెక్కపెట్టుకుంటే నాలుగు స్టాపులు, అంటే పదహారు రెట్ల తేడా. పడవ లోపలి చీకటి ఇంకా కిందనుంది, సూర్యబింబం వీటన్నిటికీ ఎంతో పైనుంది. ఇప్పటి మంచి కెమెరాల సెన్సర్లు రా ఫైలులో, అంటే కెమెరా దిద్దకుండా దాచిన ఫైలులో, సుమారు 12 నుంచి 14 స్టాపుల వరకు పట్టుకోగలవు. నేరుగా తీసిన జేపెగ్‌లో నిలిచేది అంతకంటే చాలా తక్కువ. ఈ లెక్కలో ఆకాశమూ చొక్కా ఇముడుతాయి, బింబం ఇమడదు.

ఇక్కడే అసలు నిర్ణయం ఉంది. అన్నీ కనిపించాలని కెమెరాను ఆటోలో వదిలేస్తే అది రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టు మధ్యలో ఎక్కడో ఆగుతుంది. ఆకాశం వెలిసిపోతుంది, మనిషీ సరిగా కనిపించడు. ఫ్రేములో దేన్ని వదులుకుంటున్నామో షటర్ నొక్కకముందే తేల్చుకోవాలి. మనిషి వివరాలను వదులుకుంటే నీడబొమ్మ వస్తుంది. బింబాన్ని వదులుకుంటే మనిషి దక్కుతాడు. రెండూ కావాలంటే మనిషి మీదకు వేరే వెలుగు తేవాలి, లేదా పొద్దు ఇంకా కిందికి దిగి తేడా తగ్గేదాకా ఆగాలి. నాకు తెలిసినంతలో ఐదో దారి లేదు. ఆ తరువాత చెప్పేవన్నీ ఈ నాలుగు దారుల్లో నడిచే పద్ధతులే.

ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ నిలబడాలి

రాజమండ్రిలో సూర్యాస్తమయం జూలై మొదట్లో సుమారు 6 గంటల 40 నిమిషాలకు, నవంబరు చివర్లో సుమారు 5 గంటల 25, 30 నిమిషాల మధ్య అవుతుంది. హైదరాబాదు పడమరగా ఉంది కాబట్టి అక్కడ పది పదిహేను నిమిషాలు ఆలస్యం. సమయం ఫోన్‌లో ఎలాగూ తెలుస్తుంది. చాలామంది పట్టించుకోనిది దిక్కు. మన అక్షాంశంలో పొద్దు వాలే చోటు జూన్‌కూ డిసెంబరుకూ మధ్య దిగంతం మీద సుమారు 49 డిగ్రీలు జరుగుతుంది. పెద్ద సెన్సర్ ఉన్న పూర్తి ఫ్రేమ్ కెమెరా మీద 50 మి.మీ. లెన్సు అడ్డంగా చూసేది 40 డిగ్రీలే. అంటే డిసెంబరులో మీరు తీసిన చోటనే నిలబడి అదే లెన్సును అటే గురిపెడితే జూన్‌లో సూర్యుడు ఫ్రేములోకే రాడు. ఇక్కడి ఆర్చ్ రైలు వంతెన కమానుల మధ్య సూర్యుడు కావాలన్నా, పాత హేవలాక్ వంతెన స్తంభాల పక్కన కావాలన్నా మీరు గట్టు వెంట నడిచి చోటు మార్చుకోవలసిందే. ఏ వారంలో ఏ ఘాట్ నుంచి సరిపోతుందో ఒక పుస్తకంలో రాసుకుంటే మరుసటి ఏడాది పనికొస్తుంది.

ఇంకొక విషయం. ఉత్తరార్ధగోళంలో సూర్యుడు నిట్టనిలువుగా దిగడు, కుడివైపుకు వాలుతూ దిగుతాడు. మన దగ్గర ఆ వాలు స్వల్పమే, నిలువుకు సుమారు 17 డిగ్రీలు. అయినా పొడవు లెన్సుతో కమాను మధ్యలో బింబాన్ని కూర్చోబెట్టాలంటే అరగంట ముందు అది కమానుకు కొంచెం ఎడమవైపున ఉండేలా చూసుకుని నిలబడాలి. లండన్‌లో ఉన్నవారికి ఈ వాలు చాలా ఎక్కువ. మెల్‌బోర్న్‌లో ఉన్నవారికి అంతా తిరగబడుతుంది, అక్కడ సూర్యుడు ఎడమవైపుకు వాలతాడు. చేయి చాచి పిడికిలి బిగించి దిగంతం మీద ఆనిస్తే దాని ఎత్తు సుమారు 10 డిగ్రీలు ఉంటుంది. సూర్యుడు సరిగ్గా పిడికిలి పైన కనిపిస్తే మీకు ఇంకా 40 నుంచి 45 నిమిషాలు ఉన్నాయని అర్థం. బింబం అంచు దిగంతాన్ని తాకిన తరువాత పూర్తిగా మునగడానికి ఇక్కడ రెండు నిమిషాలకు కొంచెం పైన పడుతుంది, అంతే. లండన్‌లో అదే మూడున్నర నిమిషాలకు పైగా పడుతుంది. విదేశీ పాఠాల్లో చదివిన బంగారు గంట (అస్తమయానికి ముందు మెత్తని పసుపు వెలుగుండే సమయం) మన దగ్గర నిజానికి బంగారు అరగంట అని గుర్తుంచుకుని, కెమెరా అమరికలు ముందే సిద్ధం చేసుకోవాలి.

మబ్బు ఉంటే తిరిగి వెళ్ళిపోనక్కరలేదు. నాకు అసలు నచ్చనిది మబ్బు తునక లేని నిర్మలమైన ఆకాశం. బింబం మునగగానే అక్కడ చూడడానికేమీ మిగలదు. ఎత్తున పలచగా పరుచుకున్న మబ్బులుండి, పడమటి అంచున మాత్రం కొంచెం ఖాళీ ఉన్న సాయంత్రం అన్నిటికంటే మంచిది, ఎందుకంటే సూర్యుడు దిగంతం కిందికి వెళ్ళిన తరువాత కూడా ఆ ఖాళీలోంచి వచ్చే వెలుగు మబ్బుల అడుగుభాగాన్ని ఎర్రబరుస్తుంది. వానాకాలంలో జల్లు పడి వెలిసిన సాయంత్రాలు ఇందుకు ప్రసిద్ధి. వేసవిలో దుమ్ము, గాలిలోని మసక వల్ల బింబం దిగంతానికి చాలా ముందే కుంకుమబొట్టులా మెత్తబడుతుంది. రంగులు పరుచుకోవు గాని బింబాన్ని పెద్దదిగా తీయడానికి అదే అనువైన కాలం. ధవళేశ్వరం బ్యారేజీ నీటిని నిలబెట్టడం వల్ల ఘాట్‌ల ముందు నది ఎండాకాలంలోనూ చెరువులా నిండుగా ఉంటుంది, గాలి లేని రోజున ప్రతిబింబం చెదరదు. వరదల రోజుల్లో ఎర్రనీళ్ళ మీద ప్రతిబింబం తేటగా రాదు, కాని నది మొత్తం రాగిరేకులా వెలుగుతుంది. ఆ రోజుల్లో మాత్రం కింది మెట్లకు దిగకండి.

కెమెరా అమరిక

మొదట లెన్సు తుడవండి. ఇది చాదస్తంలా అనిపించవచ్చు. ఒకసారి మిరపకాయ బజ్జీ తిన్న వేలితో లెన్సు ముందుభాగాన్ని తాకిన సంగతి మరిచిపోయి గంటసేపు ఫొటోలు తీశాను. ప్రతి ఫొటోలోనూ సూర్యుడి నుంచి ఏటవాలుగా ఒక తెల్లని చార. వెలుతురు మన వీపు వెనక నుంచి వచ్చినప్పుడు కనిపించని వేలిముద్ర ఎదురు వెలుతురులో ఫ్రేమంతా పరుచుకుంటుంది. లెన్సు ముందు రక్షణ కోసం బిగించిన యూవీ ఫిల్టరు కూడా సూర్యుడి దెయ్యపు ప్రతిబింబాలను తెస్తుంది కాబట్టి ఈ అరగంటకు దాన్ని తీసి సంచిలో పెట్టండి. ఆకాశపు నీలాన్ని ముదురుచేసే పోలరైజర్‌ ఫిల్టరు కూడా సూర్యుడి వైపు దాదాపు పనిచేయదు. దాని ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల పక్కన, అంటే సాయంత్రం ఉత్తర, దక్షిణ దిక్కుల ఆకాశంలో ఎక్కువ.

అద్దం ఉన్న పాత తరహా కెమెరాలో పొడవు లెన్సు బిగించి వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడకూడదు. లెన్సు ఎండను పోగుచేసి నేరుగా కంటిలోకి పంపుతుంది. వెనక తెర మీద చూసి తీయండి. సూర్యుడు ఎత్తుగా, తీక్షణంగా ఉన్నప్పుడు కెమెరాను అటు గురిపెట్టి చాలాసేపు వదిలేయడం సెన్సర్‌కూ షటర్‌కూ మంచిది కాదు.

రా ఫైలులో తీయండి. వెలుగు రంగును సర్దే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో ఉంచితే కెమెరా ఆ నారింజ రంగును లోపంగా భావించి సరిదిద్దుతుంది, మనం వెళ్ళింది ఆ రంగు కోసమే కదా. డేలైట్‌లో, అంటే సుమారు 5500 కెల్విన్ దగ్గర ఉంచితే కంటికి కనిపించినదానికి దగ్గరగా వస్తుంది. క్లౌడీలో ఉంచితే ఇంకొంచెం పసుపు, ఎరుపు చేరతాయి. ఆటోఫోకస్ బింబం మీద తడబడుతుంది, దానికి బదులు కమాను అంచు మీదనో పడవ అంచు మీదనో పట్టుకుని ఆ తరువాత మాన్యువల్‌కు మార్చేస్తే ఫోకస్ కదలదు.

ఇక ఎక్స్‌పోజర్. సూర్యుడు ఫ్రేము నుంచి కాస్త బయటకు వెళ్ళేలా కెమెరాను పక్కకు తిప్పి, అక్కడి ఆకాశం మీద మీటర్ చూసి, ఆ అంకెలను మాన్యువల్ మోడ్‌లో పెట్టుకుని, మళ్ళీ మీకు కావలసిన ఫ్రేముకు తిరిగి రండి. ఇది చాలా పాత పద్ధతి, ఇప్పటికీ నాకు ఇంతకంటే నమ్మకమైనది దొరకలేదు. సూర్యుణ్ణి ఫ్రేములో ఉంచి కొలిస్తే మీటర్ బెదిరిపోయి దృశ్యాన్ని మొత్తం చీకటి చేస్తుంది. నేల మీద పెట్టి కొలిస్తే ఆకాశం కొట్టుకుపోతుంది. పక్క ఆకాశంతో వచ్చిన అంకెల దగ్గర రంగులు చిక్కగా వస్తాయి, నేల దాదాపు నల్లగా వస్తుంది. నేల వివరాలు కావాలంటే అక్కడి నుంచి ఒక స్టాపు పైకి వెళ్ళి, వెలిసిపోయిన చోట్లను మినుకుమినుకుమంటూ చూపే హెచ్చరికను గమనించండి. బింబం, దాని చుట్టూ వేలెడంత భాగం మినుకుమన్నా ఫరవాలేదు, అది సూర్యుడు కాబట్టి చూసేవారు తెలుపును ఒప్పుకుంటారు. ఆ తెలుపు ఆకాశంలో సగం దాకా పాకితే మాత్రం ఒప్పుకోరు.

హిస్టోగ్రామ్ (ఫొటోలోని చీకటిని ఎడమవైపు, వెలుగును కుడివైపు చూపే పటం) చూసేవారికి ఒక హెచ్చరిక. మామూలు తెల్లని హిస్టోగ్రామ్ కుడి అంచును తాకకపోయినా అస్తమయంలో ఎరుపు చానల్ అప్పటికే నిండిపోయి ఉండవచ్చు. ఎరుపు నిండిన చోట రంగుల అంచులు కలిసిపోయి, నారింజ కాస్తా పసుపు సున్నం పూసినట్టు చదునుగా మారుతుంది. తరువాత ఎంత దిద్దినా ఆ ఛాయలు తిరిగి రావు. మూడు రంగుల హిస్టోగ్రామ్‌ను విడివిడిగా తెరిచి, ఎరుపు కుడి గోడను ఢీకొంటుంటే స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించండి.

బింబం ఆవగింజంత ఎందుకు వస్తుందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సూర్యుడి కోణవ్యాసం దాదాపు అర డిగ్రీ మాత్రమే. లెన్సు ఫోకల్ పొడవును సుమారు 100తో భాగిస్తే సెన్సర్ మీద బింబం ఎన్ని మిల్లీమీటర్లు ఉంటుందో వస్తుంది. 24 మి.మీ. ఎత్తున్న సెన్సర్ మీద 50 మి.మీ. లెన్సుతో అది అర మిల్లీమీటరు, 200 మి.మీ. లెన్సుతో 2 మిల్లీమీటర్లు, అంటే ఫ్రేము ఎత్తులో పన్నెండో వంతు. ఫోన్ ప్రధాన కెమెరా దాదాపు 24 మి.మీ. లెన్సుతో సమానం కనుక అందులో సూర్యుడు ఫ్రేము ఎత్తులో నూరో వంతే ఉంటాడు. పెద్ద సూర్యుడు కావాలంటే పొడవు లెన్సు తప్ప మార్గం లేదు; అది లేనప్పుడు సూర్యుణ్ణి కాక ఆకాశాన్ని, నీటిని ఫొటోకు కేంద్రంగా చేసుకోవడం తెలివైన పని.

ఫోన్‌తో తీసేవారికి

ఫోన్లు ఒకే నొక్కుకు లోలోపల చాలా ఫొటోలు తీసి కలిపేస్తాయి కాబట్టి వెలిసిన ఆకాశం సమస్య వాటిలో కొంత తగ్గింది. అయితే అవి నల్లగా ఉండవలసిన భాగాలను కూడా బలవంతంగా పైకి లేపి, సాయంత్రాన్ని మధ్యాహ్నంలా చూపిస్తున్నాయి. దీనికి మందు చేతిలోనే ఉంది. తెర మీద సూర్యుడికి కొంచెం పక్కన వేలు పెట్టి రెండు క్షణాలు అదిమి ఉంచితే ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి; ఆ తరువాత పక్కన కనిపించే చిన్న సూర్యుడి గుర్తును మెల్లగా కిందికి జరిపితే రంగులు చిక్కబడుతూ వస్తాయి. ఎక్కడ ఆపాలంటే, తెర మీద మబ్బుల గీతలు విడివిడిగా కనిపించే చోట. అంకెల జూమ్ వాడకండి. ఫోన్‌లో విడిగా టెలి లెన్సు ఉంటే అది వాడండి, లేకుంటే తీసిన తరువాత కత్తిరించుకోండి. ప్రో మోడ్ ఉన్నవారు ఐఎస్‌ఓను అతి తక్కువలో నిలిపి షటర్ స్పీడు ఒక్కటే మార్చుకుంటే సరిపోతుంది. జేబులోంచి తీసిన ఫోన్ లెన్సును చొక్కా అంచుతోనైనా తుడవడం ఇక్కడా మొదటి పనే.

నీడబొమ్మలు

మనిషి వివరాలను వదులుకోవడం మొదటి దారి అన్నాను. అది చేతగాక వదిలేయడం కాదు, కోరి వదలడం. నల్లగా మారిన ఆకారానికి ముఖం ఉండదు, బట్టలుండవు, మిగిలేది అంచు గీత ఒక్కటే. ఆ గీతను చూసి మనిషి ఏం చేస్తున్నాడో పోల్చుకోగలగాలి. పడవలో గడ వేసే మనిషి మనకు ఎదురుగా నిలబడితే చేతులూ గడా మొండెంలో కలిసిపోయి ఒక దిమ్మె కనిపిస్తుంది. అతను పక్కకు తిరిగి గడను నీళ్ళలోకి దించుతూ వంగిన క్షణంలో ముక్కు, మోచేయి, గడ, పడవ అంచు వేటికవే విడిపోతాయి, ఆకాశం వాటి మధ్య సందుల్లోంచి కనిపిస్తుంది. నేను ఆ ఒక్క భంగిమ కోసం పడవ మూడుసార్లు ముందుకు కదిలే వరకు ఆగాను. ఆ సాయంత్రం నాకు దక్కింది ఆ ఫొటో ఒక్కటే, అయినా నష్టం అనిపించలేదు.

ఆకారం వెనక అవతలి గట్టు చెట్లు వస్తే నలుపు మీద నలుపు పడి తల మాయమవుతుంది. కెమెరాను కిందికి దించండి, రెండు మెట్లు దిగి కూర్చుంటే తల దిగంతం మీదికి లేచి ఆకాశంలోకి వస్తుంది. సూర్యుణ్ణి ఆ మనిషి తల వెనకో, వంతెన స్తంభం వెనకో దాచితే లెన్సులోకి నేరుగా పడే వెలుగు తగ్గి, మసక తెర తొలగిపోతుంది. సూర్యుణ్ణి అంచు మీద కొద్దిగా తొంగిచూడనిచ్చి ఎపర్చర్‌ను ఎఫ్/16కు మూస్తే నక్షత్రంలా కిరణాలు వస్తాయి. లెన్సులో ఎపర్చర్ రేకులు సరి సంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసి సంఖ్యలో ఉంటే రెండింతలు. ఒకటి రెండు ఫొటోలకు బాగుంటుంది, ప్రతి ఫొటోలోనూ ఉంటే విసుగు.

ముఖం కూడా కావాలంటే

ప్రీ వెడ్డింగ్ షూట్‌లకు ఈ ఘాట్‌కు వచ్చే జంటలు అడిగేది ఇదే: వెనక ఎర్రని ఆకాశం ఉండాలి, ముందు తమ ముఖాలు తేటగా ఉండాలి. మొదటి ఉపాయం ఖర్చు లేనిది. జంటను సూర్యుడికి సరిగ్గా అడ్డంగా కాకుండా కొంచెం పక్కకు నిలబెట్టి, ముఖాలను వెలుగు వచ్చే వైపుకు తిప్పించండి. చెంప మీద ఒక గీత వెలుగు పడినా ముఖానికి ప్రాణం వస్తుంది. రెండోది తెల్లని థర్మోకోల్ షీటు. దాన్ని కెమెరాకు పక్కన, వారి ఛాతీ ఎత్తున, సూర్యుడి వైపుకు తిప్పి పట్టుకుంటే వెనక నుంచి వచ్చే వెలుగు దానికి తగిలి ముఖాల మీదికి తిరిగి వస్తుంది, అదీ అదే రంగులో. వెండి రిఫ్లెక్టర్ ఇంతకంటే ఎక్కువ వెలుగునిస్తుంది గాని కళ్ళు చికిలించేలా చేస్తుంది. రెండూ సూర్యుడు ఉన్నంతవరకే. బింబం మునిగాక థర్మోకోల్ వట్టి అట్టముక్క.

మూడోది ఫ్లాష్. ముందుగా మునుపటి పద్ధతిలోనే ఆకాశానికి ఎక్స్‌పోజర్ నిర్ణయించుకుని, ముఖాలు నల్లగా వచ్చినా పట్టించుకోకుండా ఆ అంకెలను అలాగే ఉంచాలి. తరువాత ఫ్లాష్‌ను ఆన్ చేసి దాని బలాన్ని ఒకటి నుంచి రెండు స్టాపులు తగ్గించి ముఖాలను నింపాలి. ముఖం ఆకాశం కంటే కొంచెం తక్కువ వెలుగులో ఉంటేనే సహజంగా ఉంటుంది. మామూలు ఫ్లాష్ చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 సెకను కంటే వేగమైన షటర్‌తో కలవదు కాబట్టి ఆకాశం ఇంకా వెలుగుగా ఉంటే షటర్‌ను కాక ఎపర్చర్‌ను మూయాలి. ఫ్లాష్‌ను కెమెరా నెత్తిన కాక ఎవరిచేతనైనా పక్కన కాస్త ఎత్తుగా పట్టిస్తే ముఖం చదునుగా మారదు.

ఫ్లాష్ వెలుగు తెల్లనిది, సాయంత్రం నారింజ రంగుది. ఒక బంధువుల జంటకు నేను మొదటిసారి ఇలా తీసినప్పుడు ఈ సంగతి తలకెక్కలేదు. వెనక ఆకాశం రాగిరంగులో మండుతుంటే ముందు వారిద్దరూ ట్యూబులైటు కింద నిలబడ్డట్టు పాలిపోయి వచ్చారు. ఇంట్లో ముఖాలకు పసుపు రంగు కలపబోతే పట్టుచీర తెల్లని అంచు కూడా పసుపెక్కింది. ఫ్లాష్ ముందు పలచని నారింజ జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) ముక్క ఒకటి అతికించి ఉంటే ఆ పనే ఉండేది కాదు. ఇప్పుడు ఆ ముక్క నా ఫ్లాష్ కవరులోనే శాశ్వతంగా ఉంటుంది.

కదలని దృశ్యాలకు, అంటే వంతెన, ఘాట్, ఆకాశం మాత్రమే ఉన్నప్పుడు, బ్రాకెటింగ్ పనికొస్తుంది. ట్రైపాడ్ మీద మైనస్ 2, సున్న, ప్లస్ 2 స్టాపుల తేడాతో మూడు ఫొటోలు తీసి తరువాత కలపవచ్చు. నీటి అలలూ, కదిలే పడవలూ మూడింటిలో మూడు చోట్ల ఉంటాయి కాబట్టి కలిపినప్పుడు దెయ్యాల్లా కనిపిస్తాయి. పడవ ఉన్న ఫ్రేముకు ఒకే రా ఫైలు మీద ఆధారపడటం మేలు. సగం నల్లగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టరు తిన్నని దిగంతం మీద చక్కగా పనిచేస్తుంది గాని ఇక్కడ వంతెన కమానుల పైభాగాలను కూడా నల్లబరుస్తుంది, అందుకే నేను ఈ ఘాట్‌లో దాన్ని మానేశాను.

బింబం మునిగిన తరువాత

జనం ఇక్కడే ఇంటిదారి పడతారు. సూర్యుడు మునిగాక ఇక్కడ సంధ్యవెలుగు ఇంకో ఇరవై నిమిషాలకు పైగా ఉంటుంది. అందులో మొదటి పది పదిహేను నిమిషాల్లో పై మబ్బులు ఎర్రబడటం చాలాసార్లు జరుగుతుంది. ఎక్స్‌పోజర్ తిప్పలు కూడా ఇప్పుడే తగ్గుతాయి. మండే బింబం లేదు, ఆకాశానికీ నేలకూ మధ్య దూరం నిమిషనిమిషానికీ కుదించుకుపోతుంది. తేడా తగ్గేదాకా ఆగడం అని మొదట్లో చెప్పిన దారి ఇదే. ఘాట్ మెట్ల మీద దీపాలు వదిలేవారి ముఖాలను ఆ దీపపు వెలుగులో, వెనక ఇంకా నీలం, ఎరుపు మిగిలిన ఆకాశంతో కలిపి ఒక్క ఫ్రేములో పట్టుకోగలిగే సమయం ఇది ఒక్కటే; ముందైతే దీపం కనిపించదు, తరువాతైతే ఆకాశం కనిపించదు.

వెలుగు వేగంగా పడిపోతుంది. ఎఫ్/8, ఐఎస్‌ఓ 100 దగ్గర మునిగేటప్పుడు 1/60 సెకను ఉన్నది పది పదిహేను నిమిషాల్లో 1/8కి చేరడం మామూలు, కనుక ప్రతి రెండు మూడు నిమిషాలకు మీటర్ మళ్ళీ చూసుకోవాలి. ట్రైపాడ్ లేనివారు మెట్ల పక్క గోడ మీద కెమెరాను ఆనించి రెండు సెకన్ల టైమర్ పెట్టుకుంటే సరిపోతుంది. మనుషులున్నప్పుడు 1/60 కంటే దిగకుండా ఎపర్చర్ తెరిచి, ఆపైన ఐఎస్‌ఓ పెంచండి. ఒక్కసారి వెనక్కు తిరిగి తూర్పు వైపు కూడా చూడండి: ఆ నిమిషాల్లో పాత గోడలూ మనుషుల ముఖాలూ మెత్తని గులాబీ వెలుగులో, అసలు కాంట్రాస్ట్ బాధే లేకుండా ఉంటాయి.

ఇంటికి వచ్చాక

రా ఫైలు తెరిచాక మొదట హైలైట్స్ (వెలుగు భాగాలు) తగ్గించి ఆకాశం ఎంతవరకు వెనక్కు వస్తుందో చూడండి, ఆ తరువాతే షాడోస్ (నీడ భాగాలు) లేపండి. నీడలను రెండు మూడు స్టాపులకు మించి లాగితే వాటిలోంచి రంగురంగుల గింజలు బయటపడతాయి. పైగా సాయంత్రపు నీడ నీడలాగే ఉండాలి. వంతెన అంచుల వెంట తెల్లని వలయం కనిపించిందంటే స్లైడర్‌ను ఎక్కువ లాగారని గుర్తు. రంగుల గాఢతను పెంచేటప్పుడు ఎరుపు, నారింజలను ముట్టుకోకుండా నీలాన్ని మాత్రం కొంచెం పెంచి చూడండి, ఎరుపు దానంతటదే లేచినట్టు కనిపిస్తుంది. నీటిలోని ఆకాశం అసలు ఆకాశం కంటే కొంచెం మసకగానే ఉంటుంది. విడివిడిగా దిద్దుతూ ప్రతిబింబాన్ని దానికంటే వెలుగుగా చేశారంటే చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది.

చీకటి గదిలో తెర మీద దిద్దిన ఫొటో మనకు ఉన్నదానికంటే వెలుగుగా కనిపిస్తుంది, దాంతో తెలియకుండానే మొత్తాన్నీ నల్లబరుస్తాము. ఆ రాత్రే ఎవరికీ పంపకండి. పొద్దున్న వెలుతురున్న వరండాలో కూర్చుని ఫోన్‌లో ఒకసారి తెరిచి చూసి, కావలసివస్తే మూడో వంతు స్టాపు పెంచి, అప్పుడు పంపండి.